అంగడికీ ఇంటికీ ఆఫీసుకీ ఒకే కరపత్రం పనికొస్తుందా?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి):
మా వీధిలో పల్చటి ప్లాస్టిక్ కవర్లు ఆపించాలని నలుగురం కలిసి కరపత్రం వేశాం. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జులై 1 నిషేధం, అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పల్చటి క్యారీబ్యాగులు కూడదన్న రూలు, అన్నీ రాసి కింద 'వీధి యువత' అని వేశాం. ఇల్లిల్లూ, అంగడంగడీ తిరిగి పంచాం. మరుసటి రోజు అదే అంగట్లో అర కిలో టమోటాలకు ఒక కవరు, గుప్పెడు కరివేపాకుకు ఇంకో కవరు! చాలా బాధేసింది. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు 1:
అన్నా, మీరు రాసింది నిజమే గానీ అది ఆఫీసరుకు పెట్టే అర్జీలా ఉంది. కూరగాయలమ్మే ఆయనకు మైక్రాన్లతో ఏం పని? నేను కవరు ఇవ్వకపోతే గిరాకీ పక్క అంగడికి పోతుందన్నదే ఆయన భయం, దానికి మీ కాగితంలో జవాబే లేదు. "ఫలానా తేదీ నుంచి ఈ వీధి అంగళ్ళన్నీ కలిసి ఆపుతున్నాయి" అని రాసి, ఒప్పుకున్నవాళ్ళ పేర్లు వేయండి. కవర్లకు నెలకు ఎంత పోస్తున్నాడో ఆయన్నే లెక్కేయమనండి, తను వేసుకున్న లెక్కయితే నమ్ముతాడు.

జవాబు 2 (రిటైర్డ్ టీచర్, చిత్తూరు):
బాబూ, క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఒప్పించడానికి మూడు దారులు చెప్పాడు: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు కదలడం, మాటలో హేతువు. కుర్రవాళ్ళు ఆశతో బతుకుతారు, పెద్దవాళ్ళకు అనుభవం వల్ల అనుమానం ఎక్కువ అని కూడా రాశాడు. మీ కాగితంలో హేతువు ఒక్కటే ఉంది. 'వీధి యువత' అంటే ఎవరని నాలాంటివాళ్ళు నమ్మాలి? ఎవరింటి పిల్లలో పేర్లు వేయండి.

జవాబు 3:
మా ఇంటికి రోజూ వచ్చే ఆవు ఒకసారి చెత్తకుప్పలో ముడేసిన కవరును, లోపలున్న సాంబారన్నం కోసం కవరుతో సహా నమలడం చూశాను. నోట్లోంచి వేలాడుతున్న కొస పట్టి లాగాను, రాలేదు, మింగేసింది. ఆ రోజు నుంచి గుడ్డసంచి లేకుండా నేను మార్కెట్‌కు పోలేదు. ఇళ్ళకిచ్చే కాగితంలో ఇలాంటిది రాయండి తమ్ముడూ. కానీ ఆవు చచ్చిపోయిందని మాత్రం కల్పించొద్దు, అది ఇప్పటికీ వస్తోంది. ఒక్క అబద్ధం బయటపడితే మిగతాదీ నమ్మరు.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, సార్, అన్నా, చాలా థ్యాంక్స్. రూల్స్ అన్నీ కార్పొరేషన్ అర్జీలోకి మార్చాను. ఇళ్ళ కాగితానికి అక్క చెప్పిన ఆవుతోనే మొదలుపెట్టాను. పేరు వేయడానికి ఆరు అంగళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. ఏడో ఆయన దగ్గరికి సాయంత్రం మా అమ్మను తీసుకుని పోతున్నా, ఆమె 20 ఏళ్ళుగా ఆయన దగ్గరే కూరగాయలు కొంటోంది.