దీపావళి వేడుకలో ఎన్‌హెచ్‌ఎస్ యాప్ టేబుల్: ఆరుగురు వాలంటీర్లు కావాలి

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. ఈసారి ఇంగ్లండ్‌లో మన రెడింగ్ దీపావళికి స్టేజీ మీద ఆరోగ్య ప్రసంగం వద్దనుకున్నాం. పోయినసారి డాక్టరుగారు మైకులో చెబుతుంటే సగం హాలు పులిహోర లైన్లో ఉంది. ఈసారి తలుపు పక్కన రెండు టేబుళ్లు వేసి, పెద్దవాళ్ల ఫోన్లలో వాళ్ల చేతే ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) యాప్ తెరిపిద్దాం. ఎవరెవరు వస్తారు?

రిజిస్ట్రేషన్ టీమ్:
నేనొస్తా. లాగిన్‌కి ఎవరి ఈమెయిల్ వాళ్లకుండాలి. మనవాళ్లలో అత్తమామలిద్దరికీ అల్లుడి ఈమెయిలే! పని అక్కడే ఆగిపోతుంది. సొంత ఈమెయిల్, దాని పాస్‌వర్డు, పాస్‌పోర్టు తెచ్చుకోమని ముందే వాట్సాప్‌లో పెట్టండి. మా అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గరేమో ఆమె పేరునే రెండు ముక్కలు చేసి ఎక్కించారు. రెండూ కలవక మూడు వారాలు తిరిగాం. అలాంటివాళ్లను టేబుల్ దగ్గర విసిగించకుండా, జీపీ రిసెప్షన్‌లో ఏమడగాలో ఇంగ్లీషులో చీటీ రాసిద్దాం.

ఫార్మసిస్టు అక్క:
యాప్ తెరవడం ఒక ఎత్తు, అందులో టెస్టు రిపోర్టు చదవడం ఇంకో ఎత్తు. మూడు నెలల షుగర్ 53 అని చూసి మా నాన్న ఆ రాత్రి నిద్రపోలేదు. గుంటూరులో ఆయనకెప్పుడూ 7 వచ్చేది. నిజానికి రెండూ ఒకటే! అక్కడ శాతం, ఇక్కడ వేరే కొలత. 48 అంటే 6.5 శాతం, 53 అంటే 7. వేలు గుచ్చి చూసే షుగర్‌కైతే ఇక్కడి అంకెను 18తో గుణించాలి, 7 అంటే మన 126. ఇవి అట్ట మీద పెద్దక్షరాలతో రాసుకొస్తా. మందుల మోతాదు మాత్రం ఎవరడిగినా చెప్పొద్దు.

యూత్ టీమ్:
మేం నలుగురం రెడీ అక్కా.

ఫార్మసిస్టు అక్క:
టోకెన్లు ఇవ్వండి నాన్నా, స్క్రీన్ వైపు చూడొద్దు. మన సంఘంలో మాట ఎంత త్వరగా పాకుతుందో తెలుసుగా. ఇంకోటి, జీపీ దగ్గర తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. కొడుకు ముందు చెప్పుకోలేని బాధలుంటాయి కదా.

ఫుడ్ కమిటీ:
తలుపు పక్కన చోటు ముందు మా జిలేబీకి ఇచ్చారు కదా?

సమన్వయకర్త:
ఫోన్‌కి లాగిన్ కోడ్ మెసేజ్ రావాలంటే సిగ్నల్ అక్కడే అండీ. పైగా షుగర్ అట్ట కింద జిలేబీ ఏం బాగుంటుంది? మీరు లోపలికి జరగండి.

ఫుడ్ కమిటీ:
సరే. టీ మాత్రం అక్కడే పెడతాం, చక్కెర విడిగా.