బాక్టీరియోస్టాటిక్ నీటిలో కలిపిన పెప్టైడ్‌కు 28 రోజుల ఆయుష్షు ఎవరు రాశారు?

పరీక్షనాళిక:
మా ప్రయోగశాలలో వారం రోజులుగా ఇదే గొడవ. కొత్తగా చేరిన సహాధ్యాయి ఒకరు పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) పొడిని మామూలు స్టెరైల్ నీటిలో కాకుండా బాక్టీరియోస్టాటిక్ నీటిలో కలిపారు. వయల్ మీద "28 రోజులు" అని రాసి ఫ్రిజ్‌లో పెట్టారు. తెరిచిన నీటి వయల్‌ను 28 రోజుల వరకు వాడవచ్చు కాబట్టి పెప్టైడ్‌కూ అదే గడువు అని ఆయన వాదన. మా సీనియర్ ఆ వయల్‌ను తీసి బల్ల మీద ఒక మూలకు నెట్టేశారు, కారణం మాత్రం చెప్పలేదు. తెలియనివారి కోసం ఒక మాట: ఆ నీటిలో బాక్టీరియా పెరగకుండా ఆపడానికి మిల్లీలీటరుకు 9 మిల్లీగ్రాముల బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది, అంటే 0.9 శాతం. ఎవరి మాట సరైనదంటారు?

మందుల షాపు:
మీ సహాధ్యాయి మాటే సరైనది. స్టెరైల్ నీరు ఒక్కసారి వాడి మిగిలింది పారబోయడానికే ఉంది. అందులో ప్రిజర్వేటివ్ (సూక్ష్మజీవులను ఆపే పదార్థం) లేదు, సూది ఒక్కసారి దిగిందంటే ఆ తర్వాత కాపలా ఎవరూ ఉండరు. బాక్టీరియోస్టాటిక్ నీటి వయల్ పదేపదే సూది గుచ్చడానికే తయారైంది. ఆవకాయ జాడీ సంగతి మీకు తెలియనిదా? ఉప్పు, నూనె సరిపడా ఉంటే ఏడాది పొడవునా తీసుకుని తింటాం. ఇక్కడ బెంజైల్ ఆల్కహాల్‌ది ఆ ఉప్పు పని.

పాత రసాయనం:
జాడీ పోలిక బాగుంది గానీ సగంలోనే ఆపేశారు. ఉప్పు బూజును ఆపుతుంది, ముక్క మెత్తబడటాన్ని ఆపుతుందా? మే నెలలో పెట్టిన ఆవకాయ సంక్రాంతికి కరకరలాడదు. పెప్టైడ్ సంగతీ అంతే. గొలుసులో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం ఉంటే మెల్లగా అమోనియాను వదిలేసి వేరే ఆమ్లంగా మారుతుంది. మెథియోనిన్ ఉంటే ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. నీటిలో ఒక్క బాక్టీరియా లేకపోయినా ఇవి జరిగిపోతూనే ఉంటాయి. ఆ 28 రోజులు సూది గుచ్చిన వయల్‌లో సూక్ష్మజీవుల గురించి పెట్టిన గడువు. మీరు అందులో ఏ పెప్టైడ్ వేస్తారో నీళ్లు తయారుచేసినవారికి ఎలా తెలుస్తుంది?

ఇంకో చిక్కు కూడా ఉంది. బెంజైల్ ఆల్కహాల్ కొన్ని ప్రొటీన్లను ముద్దకట్టిస్తుంది. ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్ విషయంలో ఇది ప్రయోగాల్లో తేలింది.

రాత్రి డ్యూటీ:
కాన్సర్ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను, నేను చూసింది చెబుతాను. ట్రాస్టుజుమాబ్ అనే కాన్సర్ మందు 440 మిల్లీగ్రాముల వయల్‌తో పాటు 20 మిల్లీలీటర్ల బాక్టీరియోస్టాటిక్ నీరు వస్తుంది. దానిలో బెంజైల్ ఆల్కహాల్ 1.1 శాతం. నీటిని పొడి మీద నేరుగా కొట్టం. సూదిని గాజు గోడ వైపు తిప్పి, ధార గోడ వెంట జారేలా వదులుతాం. తర్వాత వయల్‌ను మెల్లగా తిప్పాలి తప్ప కుదపకూడదు. కుదిపితే పాలపొంగులా నురగ లేస్తుంది, ఇక మోతాదు లాగడం నరకం. తిప్పాక అయిదు నిమిషాలు బల్ల మీద కదలకుండా ఉంచుతాం. అలా కలిపింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య 28 రోజులు ఉంటుంది. రోగికి బెంజైల్ ఆల్కహాల్ పడకపోతే స్టెరైల్ నీటితో కలుపుతాం, అప్పుడు మాత్రం ఒక్కసారి వాడి మిగిలింది పారేయాల్సిందే. ఎంత ఖరీదైన మందో తెలిసిన చేతులతో పారబోయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మందుల షాపు:
చూశారా! 28 రోజులే.

పాత రసాయనం:
ఆ మందును ఆ నీటితోనే కలిపి, పరీక్షించి, ఆ గడువు ఇచ్చారు. పైగా అది యాంటీబాడీ, పెద్ద ప్రొటీన్. ఒకరి జాతకం చూసి ఇంకొకరికి ముహూర్తం పెడతారా?

కసరత్తు:
పెద్దలు ఏమీ అనుకోవద్దు. నేను బీపీసీ-157 అనే పెప్టైడ్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఈ నీటితోనే కలుపుకుంటున్నాను. భుజం నొప్పికి. ఏడాదిన్నర అయింది, ఏమీ కాలేదు. నీళ్లు తేటగా ఉంటే వాడతాను, మసకబారితే పారేస్తాను. దీనికి ఇంత చర్చ ఎందుకు?

రాత్రి డ్యూటీ:
తమ్ముడూ, తేటగా ఉండటం ఒక్కటే చాలదు. చచ్చిన బాక్టీరియా వదిలిన ఎండోటాక్సిన్ అనే విషం కంటికి కనిపించదు, జ్వరం, వణుకు మాత్రం తెప్పిస్తుంది. ఆ నీరు బాక్టీరియాను పెరగకుండా ఆపుతుందే గానీ, పొడిలో ముందే ఉన్న మురికిని కడగదు. నీ వయల్ మీద "పరిశోధనకు మాత్రమే" అని రాసి లేదా? అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో బీపీసీ-157ను భద్రతాపరమైన సందేహాలున్న పదార్థాల జాబితాలో చేర్చింది. పోటీల్లో పాల్గొనేవాడివైతే ఇంకో మాట, క్రీడల్లో డోపింగ్‌ను అరికట్టే సంస్థ వాడా 2022 నుంచి దాన్ని నిషేధించింది. భుజాన్ని ముందు ఎముకల డాక్టరుకు చూపించు.

ఇంట్లో పసిపిల్లలుంటే ఆ నీటి వయల్ వారి మందుల దగ్గర ఉండనివ్వకు. 1980ల మొదట్లో అమెరికాలో నెలలు నిండని శిశువులు బెంజైల్ ఆల్కహాల్ వల్ల ఊపిరాడక చనిపోయారు. నవజాత శిశువులకు ఇది వాడకూడదన్న హెచ్చరిక అప్పటి అనుభవంతో వచ్చిందే.

కసరత్తు:
పిల్లల సంగతి నాకు తెలియదు. వయల్‌ను ఇప్పుడే పై అరలోకి మార్చాను. వాడటం మానేస్తానని మాత్రం ఇప్పుడే మాట ఇవ్వలేను అక్కా.

మందుల షాపు:
పాత రసాయనం గారూ, ఒక మెట్టు దిగుతాను, రెండోది దిగను. ఇన్సులిన్ కూడా పెప్టైడే కదా, అందులో మెటాక్రెసాల్ అనే ప్రిజర్వేటివ్ ఉండగా తెరిచిన వయల్ 28 రోజులు వాడుతున్నారు. మధుమేహానికి ఇచ్చే ఓజెంపిక్ పెన్నులో ఫినాల్ అనే ప్రిజర్వేటివ్ ఉంది, మొదలుపెట్టాక 56 రోజులు. ప్రిజర్వేటివ్ అంటేనే పెప్టైడ్‌కు శత్రువు అన్నట్లు మాట్లాడటం సరికాదు.

పాత రసాయనం:
శత్రువని నేను అనలేదు. 28, 56 అని రెండు వేర్వేరు అంకెలు మీరే ఇచ్చారు, నా మాట కూడా అదే. ఆ మందుల్లో పీహెచ్ (ఆమ్లత్వం) సరిచూసి, దాన్ని నిలిపి ఉంచే బఫర్ కలిపి, నెలల తరబడి పరీక్షించాక ఆ గడువులు వచ్చాయి. ఉత్త నీటిలో బఫర్ ఏదీ? ఈ బాక్టీరియోస్టాటిక్ నీటికి పీహెచ్ 4.5 నుంచి 7 వరకు ఎక్కడైనా ఉండవచ్చు.

పరీక్షనాళిక:
అందరికీ ధన్యవాదాలు. మా సీనియర్‌ను మళ్లీ అడిగితే ఈసారి నోరు విప్పారు. ఆయన బాధ గడువు గురించి కాదు! మేము ఈ పెప్టైడ్‌ను కణాల మీద వేస్తాం. లెక్క కట్టి చూశాను. 0.9 శాతం అంటే సుమారు 83 మిల్లీమోలార్ బెంజైల్ ఆల్కహాల్. వెయ్యి రెట్లు పలుచన చేసినా 83 మైక్రోమోలార్ మిగులుతుంది. పెప్టైడ్ చేసిన పని ఏదో, ఆల్కహాల్ చేసిన పని ఏదో ఎలా విడదీస్తాం? ఇకపై స్టెరైల్ నీటిలో కలిపి, ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 20లో పెడతాం. ఒకే గొట్టాన్ని కరిగించి మళ్లీ గడ్డకట్టించే పని ఉండదు.

మందుల షాపు:
ప్రయోగశాలకు అది సబబే. రోజూ సూది గుచ్చే వయల్ అయితే మాత్రం నా మాట మారదు.

పరీక్షనాళిక:
మూలకు నెట్టిన వయల్‌ను పారేయలేదు, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాం. 28వ రోజు హెచ్‌పీఎల్‌సీకి (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రానికి) పెట్టి ఎంత మిగిలిందో చూస్తాం.

పాత రసాయనం:
పెప్టైడ్ లేని అదే నీటిని కూడా పక్కన నడిపించండి. బెంజైల్ ఆల్కహాల్ అతినీలలోహిత కాంతిని బాగా పీల్చుకుంటుంది, గ్రాఫులో పెద్ద శిఖరం వస్తుంది. అది చూసి మీ పెప్టైడ్ విరిగిపోయిందని కంగారుపడేరు. ఆ రోజే కలిపిన తాజా నమూనా ఒకటి కూడా ఉంచండి, లేకపోతే దేనితో పోలుస్తారు?