డిగ్రీ క్లాసులో పాఠం ఎంతసేపు, చర్చ ఎంతసేపు?

ప్రశ్న (ఎకనామిక్స్ మేడమ్, దిల్‌సుఖ్‌నగర్):
డిగ్రీ ఫస్టియర్ వాళ్ళకి చెప్తానండీ. క్లాసు 50 నిమిషాలు, ఎదురుగా 60 మంది, అటెండెన్స్‌కే కొంత టైమ్ పోతుంది. నేనే చెప్పుకుంటూ పోతే సిలబస్ అవుతుంది కానీ సగం మంది రాసుకోవడమే తప్ప ఆలోచించరు. పోనీ చివరి పది నిమిషాలు డిస్కషన్‌కి వదిలితే ముందు వరసలో ఆ నలుగురే మాట్లాడతారు, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు నోరు తెరవరు. తెలియక కాదు, కారిడార్‌లో విడిగా అడిగితే చక్కగా చెప్తారు. రెండూ ఎలా కుదురుతాయి? ఇంటర్నల్స్ దగ్గర పడుతున్నాయి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

జవాబు (కామర్స్ సార్):
మేడమ్, చర్చని చివర్లో పెట్టకండి, అప్పటికి పిల్లల ధ్యాస బెల్లు మీదే ఉంటుంది. మధ్యలో పెట్టండి, అదీ "ఏమైనా డౌట్లున్నాయా" అని కాదు, గట్టి ప్రశ్న ఒకటి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టింది ఇదే. కాసేపు పాఠం, ఒక ప్రశ్న, ఎవరికి వాళ్ళు జవాబు ఎంచుకోవడం, తర్వాత పక్కవాళ్ళతో వాదన, మళ్ళీ ఓటు. మొదటి ఓటులో సరైన జవాబు 30 శాతం లోపు వస్తే పాఠం మళ్ళీ చెప్పాలి, 70 దాటితే ముందుకి వెళ్ళిపోవచ్చు, మధ్యలో ఉంటేనే చర్చకి టైమ్ ఇవ్వాలి. అంటే పాఠం ఎంత, చర్చ ఎంత అన్నది ఆ రోజు క్లాసే చెప్తుంది.

మీ సబ్జెక్టులో డిమాండ్ వ్యాకోచత్వమే, అంటే ధర మారితే కొనడం ఎంత మారుతుందన్నదే తీసుకోండి. 2025 మే నెలలో మన మెట్రో కనీస ఛార్జీ 10 నుంచి 12కి, గరిష్ఠం 60 నుంచి 75కి పెంచి, వారం తిరక్కుండానే పది శాతం తగ్గించారు. ఛార్జీ పెరిగితే మెట్రో ఆదాయం పెరుగుతుందా, తగ్గుతుందా అని అడగండి. 2023 డిసెంబర్ నుంచి అమ్మాయిలకి సిటీ బస్సు ఉచితం, అబ్బాయిలకి ఆ వెసులుబాటు లేదు. ప్రత్యామ్నాయం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ వ్యాకోచత్వం ఎందుకు వేరుగా ఉంటుందో ఆ వాదనలోంచే బయటికొస్తుంది, మీరు తర్వాత గ్రాఫ్ గీస్తే చాలు.

జవాబు (మ్యాథ్స్ లెక్చరర్, మెహిదీపట్నం):
సార్ చెప్పింది బాగుంది కానీ అన్ని రోజులూ కుదరదండీ. లిమిట్ నిర్వచనం మొదటిసారి చెప్పేటప్పుడు పిల్లల దగ్గర చర్చించడానికి సరుకే ఉండదు, ఆ రోజు మనమే ఓపిగ్గా, ఉదాహరణలతో చెప్పాలి. మంచి లెక్చర్‌ని తక్కువ చేయొద్దు.
ఇంకోటి, ప్రశ్న అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు ఎన్నో క్లాసులు రికార్డ్ చేసి చూస్తే టీచర్లు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. ఆ మౌనం మనకే భారంగా ఉంటుంది, అయినా ఆగాలి.

జవాబు (ఫైనలియర్ స్టూడెంట్):
మేడమ్, నేను పది వరకు తెలుగు మీడియమే. 60 మంది ముందు ఇంగ్లీషులో మాట్లాడాలంటే పాయింట్ తెలిసినా గొంతు దాటదు. మా క్లాసులో ఒక మేడమ్ ముందు రెండు నిమిషాలు కాగితం మీద రాయించి, తర్వాత పక్కవాళ్ళతో తెలుగులోనో ఉర్దూలోనో మాట్లాడుకోమనేవారు, ఆ తర్వాతే అందరి ముందు. అక్కడ మొదలుపెట్టాకే నేను చెయ్యెత్తాను. హఠాత్తుగా పేరు పిలిచి లేపకండి ప్లీజ్.

కామర్స్ సార్:
ఇంకో సంగతి, మొదట్లో కొందరు పిల్లలు "మేడమ్ పాఠం చెప్పట్లేదు" అంటారు. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో చూస్తే, చర్చతో నేర్చుకున్నవాళ్ళు పరీక్షలో ఎక్కువ తెచ్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. ఎందుకిలా చేస్తున్నారో మొదటి వారంలోనే క్లాసుకి చెప్పేయండి.

ఎకనామిక్స్ మేడమ్:
అందరికీ థాంక్స్. సోమవారం మెట్రో ప్రశ్నే పెడతాను, ముందు రాయించే. కానీ చర్చ తెలుగులో జరిగితే ఇంగ్లీషులో రాసే పరీక్షకి ఇబ్బంది కాదా?

ఫైనలియర్ స్టూడెంట్:
చర్చ అయ్యాక వాళ్ళు చెప్పిన పాయింట్లే మీరు బోర్డు మీద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుగా రాయండి మేడమ్. మేం అవే నోట్సులో రాసుకుని చదువుకునేవాళ్ళం.