‘చావు కబురు చల్లగా’: ఇక్కడ ‘చల్లగా’ అంటే ఏమిటి?

‘చావు కబురు చల్లగా చెప్పినట్టు’ అన్న మాటలోని ‘చల్లగా’కు ‘నిర్దయగా’ అని అర్థం చెప్పవచ్చునా అని ఒక సభ్యులు అడిగారు. నాకు ఆ అర్థం పొసగుతుందని అనిపించదు. తెలుగులో చల్లదనం మంచితనం వైపే మొగ్గుతుంది. ‘కడుపు చల్లగా’ అని దీవిస్తాము, ‘చల్లని తల్లి’ అంటాము, దయలేని వాణ్ణి మాత్రం రాతిగుండె వాడంటాము. ‘చల్లగా జారుకున్నాడు’ అన్నప్పుడు వినిపించే ‘చల్లగా’యే ఇక్కడిదీ అని నా భావన. అంటే అలికిడి లేకుండా, తాపీగా అన్నమాట. సామెతలోని ఎత్తిపొడుపు చెప్పినవాడి గుండె మీద కాదు, అతడు చేసిన ఆలస్యం మీద.

ఈ తేడా నాకు తెలిసివచ్చినది 1984 అక్టోబరు 31, బుధవారం నాడు. అప్పుడు నేను మద్రాసు జార్జిటౌనులో, ఆండర్సన్ వీధిలోని ఒక కాగితాల కొట్టులో బిల్లులు రాసేవాణ్ణి. దీపావళి వెళ్లి వారమైంది. కొత్త సంవత్సరపు డైరీలకు, క్యాలెండర్లకు కాగితం కొనేవారితో కొట్టు కిటకిటలాడుతున్నది. ఢిల్లీలో ఉదయం 9.20 ప్రాంతంలో, సఫ్దర్‌జంగ్ రోడ్డులోని ఇంటి ఆవరణలోనే, ప్రధాని ఇందిరాగాంధీపై ఇద్దరు అంగరక్షకులు కాల్పులు జరిపారు. ఆ సంగతి మాకు టీ తెచ్చే కుర్రవాడి నోట, వాడు గ్లాసులు కూడా దించకముందే, ఒక్క గుక్కలో తెలిసింది. ఆ తరువాత ఎవరి చేతా పని సాగలేదు, అలాగని ఎవరూ లేచీ పోలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక పెద్ద గుమాస్తాగారు పక్క కొట్టునుంచి తిరిగి వచ్చారు. అక్కడ షార్ట్‌వేవ్ రేడియోలో బీబీసీ పెట్టుకుని వింటున్నారని మాకు తెలుసు. ఆయన ఏమీ అనకుండా కుర్చీలో కూర్చుని, బిల్లు పుస్తకంలో కార్బన్ కాగితం సరిచేసి, టైపు చేసే అమ్మాయిలిద్దరినీ పిలిచి, బస్సులు ఆగిపోయేలా ఉన్నాయి, బ్రాడ్వేలో దొరికిన పల్లవన్ బస్సు ఎక్కి వెళ్లిపొమ్మన్నారు. వారు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వచ్చి, కలానికి మూత పెడుతూ, ‘ఆవిడ పోయారు’ అన్నారు. చావు కబురు ఇంత చల్లగానా అని నేను నోరు జారాను. ‘ఉడుకు మీద చెబితే ఆ పిల్లలు ఇల్లు చేరేదెలాగయ్యా?’ అన్నారాయన.

ఆసుపత్రిలో వైద్యులు ఆమె మరణించినట్లు ప్రకటించిన సమయం మధ్యాహ్నం 2.20, ఆకాశవాణి ఆ మాటను అధికారికంగా చెప్పినది సాయంత్రం ఆరింటికి. ఆ జాప్యాన్ని ఆనాడే చాలామంది తప్పుపట్టారు, నేనూ పట్టాను. కాని మన ఇళ్ళలో జరిగేది వేరా? మనిషి పోయిన తరువాత కూడా ‘నాన్నకు సీరియస్, వెంటనే బయలుదేరు’ అనే తంతి ఇచ్చేవారు. అందుకున్నవాడికి అసలు సంగతి సగం అర్థమయ్యేది, ఆ మిగిలిన సగం ఆశతోనే రైలెక్కేవాడు. దేశానికి ప్రభుత్వం చెప్పవలసిన మాటకు ఆ మర్యాద తగునా అన్నది వేరే ప్రశ్న. నా మట్టుకు తగదనే అంటాను. గుమాస్తాగారు ఆపినది ఇద్దరు పిల్లల కోసం, పది నిమిషాలు.

ఇక రెండవ ప్రశ్న, ‘చావు వార్త’ అనకూడదా అన్నది. ‘మరణవార్త’ సహజంగా ఉంది, ‘చావు కబురు’ సహజంగా ఉంది, అటుదిటు చేస్తే మాత్రం నాలుక ఒప్పుకోదు. ‘వార్త’ సంస్కృతం కనుక ‘మరణం’తో సమాసంలో ఇమిడింది. ‘కబురు’ ‘ఖబర్’నుంచి వచ్చిన పరాయి మాటే అయినా ఇంటి మాటగా మారి ‘చావు’ పక్కన కుదురుకున్నది. పైగా కబురుకు మోసుకువచ్చే మనిషి కావాలి. కబురు పంపుతాము, కబురు పెడతాము, కబురు తెస్తారు. బహువచనంలో అదే మాట ఊసుపోకకు పనికివస్తుందన్నది ఇంకో వింత: ఆ ఉదయం టీ కుర్రవాడు గుమ్మంలోకి వచ్చే క్షణం దాకా మేము చెప్పుకుంటున్నవి కబుర్లే.