అప్‌డేట్: కాటా బరువు ఇప్పుడు తెగకుండా వస్తోంది

భీమవరం రొయ్యల చెరువు గట్టు మీద, కాటా నుంచి చేతి ఆండ్రాయిడ్ మెషీన్‌లోకి బ్లూటూత్‌లో వచ్చే బరువు లైను (బరువు రాసి ఉండే ఒక వరుస అక్షరాలు) మధ్యలో తెగిపోతోందని ఇంతకుముందు అడిగాను కదా, కారణం దొరికింది. బీఎల్ఈలో (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్‌లో) మొదట ఎంటీయూ, అంటే ఒక్కసారిలో పంపగల ప్యాకెట్ సైజు, 23 బైట్లే. హెడర్‌కి 3 పోతే డేటాకి మిగిలేది 20. మా లైను 34 బైట్లు, అందుకే తెగేది.

కనెక్ట్ అవగానే ఎంటీయూ 247 కావాలని యాప్ నుంచి అడిగితే సరిపోయింది. కానీ దానికి కాల్‌బ్యాక్ (పని అయిందని ఆండ్రాయిడ్ యాప్‌కి చెప్పే జవాబు) వచ్చేదాకా ఆగి తీరాలి, అసలు తిప్పలు ఇక్కడే! ఆండ్రాయిడ్ గ్యాట్ (బీఎల్ఈలో డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) పనుల్ని ఒకదాని తర్వాత ఒకటిగానే చేస్తుంది. ఆగకుండా 2902 డిస్క్రిప్టర్‌లో (నోటిఫికేషన్లు, అంటే కాటా తనంతట తాను పంపే డేటా, ఆన్ చేసే సెట్టింగ్‌లో) 01 00 రాస్తే, ఆ రాత జరగకపోవచ్చు, అప్పుడు నోటిఫికేషన్లు రావు.

కాటా పెద్ద ఎంటీయూకి ఒప్పుకోకపోతే, లైను చివరి గుర్తు కనబడేదాకా ముక్కల్ని బఫర్‌లో (డేటాని కాసేపు దాచే చోట) కలపండి. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ స్కాన్, కనెక్ట్ అనుమతులు రెండూ యాప్ నడుస్తుండగా అడగాలి. తడి రొయ్యల ట్రేలు కాటాకీ మెషీన్‌కీ మధ్యలో పేర్చకండి, నీరు బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని పీల్చేస్తుంది.