నగర జూలో ఏనుగులు ఉండాలా? రకాలు తగ్గించి చోటు పెంచే మార్పు మీద చర్చ

కొండగాలి (చర్చ మొదలుపెట్టినవారు)

నగరాల నడిబొడ్డున ఉన్న పాత జూలు చాలావరకు ఇప్పుడు ఒకే దారి పడుతున్నాయి. జంతువుల రకాలు తగ్గించి, మిగిలినవాటికి చోటు పెంచుతున్నాయి. ఏనుగులు వెళ్లిపోతే ఆ ఆవరణ ఖడ్గమృగానికి ఇస్తారు. వరసగా ఉన్న చిన్న బోన్ల మధ్య గోడలు తీసేసి ఒకే పెద్ద ఎన్‌క్లోజర్ చేస్తారు. ఇలాంటి ప్రకటన వచ్చిన ప్రతిసారీ "ఇక చూడటానికి ఏం మిగిలింది?" అనే మాట వినిపిస్తుంది. నా వాదన సూటిగా చెబుతాను. ఈ మార్పు సరైనది, ఇంకా వేగంగా జరగాలి. ఏనుగు, ధ్రువపు ఎలుగుబంటి లాంటివి నగర జూలో ఉండకూడదు.

2003లో రోస్ క్లబ్, జార్జియా మేసన్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. సహజంగా ఎక్కువ దూరాలు తిరిగే మాంసాహార జంతువులే బోనులో ఎక్కువగా ఒకే గీత మీద అటూ ఇటూ తిరుగుతుంటాయని, వాటి పిల్లలే ఎక్కువగా చనిపోతాయని అందులో తేలింది. ధ్రువపు ఎలుగుబంటికి జూలో మామూలుగా దొరికే చోటు, బయట అది కనీసంగా తిరిగే విస్తీర్ణంలో దాదాపు పది లక్షల వంతు. ఇప్పుడు ఆ ఎన్‌క్లోజర్‌ను రెండింతలు చేశారనుకోండి. పది లక్షల్లో రెండు వంతులు అవుతుంది. దానికి ప్రారంభోత్సవం కూడా చేస్తారు.

ఏనుగుల లెక్క ఇంకా బాధ కలిగిస్తుంది. 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ఐరోపా జూల్లో పుట్టిన ఆఫ్రికా ఆడ ఏనుగుల మధ్యస్థ ఆయుష్షు 16.9 ఏళ్లు. కెన్యాలోని అంబోసెలి పార్కులో మనుషుల చేతిలో కాకుండా సహజంగా చనిపోయిన ఆడ ఏనుగులది 56 ఏళ్లు. తిండి, డాక్టరు, కాపలా అన్నీ ఉన్నచోట ఆయుష్షు ఇంత తక్కువ!

లండన్ జూ 2001లో తన ఏనుగులను ఊరి బయట ఉన్న విప్‌స్నేడ్ జూకు పంపేసింది. డెట్రాయిట్ జూ 2005లో తన రెండు ఏనుగులను కాలిఫోర్నియాలోని సంరక్షణ కేంద్రానికి పంపింది. భారత కేంద్ర జూ అథారిటీ 2009లోనే జూల్లోని ఏనుగులను అటవీ శిబిరాలకు తరలించమని చెప్పింది. ఆ తర్వాత కూడా చాలా జూల్లో ఏనుగులు ఉండిపోయాయి. ఇంకా ఎన్నాళ్లు ఆగాలి?

పాలపిట్ట

కొండగాలి గారూ, మీ లెక్కలతో నాకు పేచీ లేదు. కానీ మీరు ఒకవైపే చూపించారు.

అరేబియా ఆరిక్స్ అనే జింక 1972లో ఎడారి నుంచి పూర్తిగా మాయమైంది. మళ్లీ 1982లో ఒమన్‌లో వదలగలిగారంటే కారణం అమెరికాలోని ఫీనిక్స్ జూలో అంతకుముందే మొదలుపెట్టిన మంద. కాలిఫోర్నియా కాండర్ రాబందులు 1987 నాటికి మొత్తం 27 మిగిలాయి. అన్నింటినీ పట్టుకుని జూల్లో పెంచి మళ్లీ ఆకాశంలోకి వదిలారు. మంగోలియాలో ఈ రోజు స్వేచ్ఛగా తిరిగే ప్రెజ్‌వాల్‌స్కీ అనే అడవి గుర్రాలన్నీ జూల్లో బతికిన కొద్దిపాటి గుర్రాల సంతానమే. జూలు లేకపోతే ఇవి మ్యూజియంలో గడ్డి కూరిన బొమ్మలుగా మిగిలేవి.

ఇంకోటి. పట్నంలో పుట్టి పెరిగిన పిల్లవాడు ఏనుగు ఎదురుగా నిలబడినప్పుడు దాని ఊపిరి వినిపిస్తుంది, వాసన తెలుస్తుంది. వీడియోలో అది రాదు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక అడవి కోసం ఓటేస్తాడు, చందా ఇస్తాడు. జనాన్ని గేటు దాకా రప్పించేవి ఏనుగు, పులి, జిరాఫీ. వాటిని పంపేస్తే వచ్చే జనం తగ్గుతారు, డబ్బు తగ్గుతుంది, మిగిలిన జంతువుల తిండికే కోత పడుతుంది. రకాలు తగ్గించాలని చెప్పేవాళ్లు ఈ సంగతికి జవాబు చెప్పాలి.

కొండగాలి

మీరు చెప్పిన మూడు ఉదాహరణలూ నిజమే, నాకూ ఇష్టమైనవే. కానీ వాటిలో ఏనుగు లేదు చూడండి. నగర జూలో పుట్టిన ఏనుగులను వదిలి అడవిలో మందలు పెంచిన కథ మీరు చెప్పలేదు. జాతిని కాపాడటమే లక్ష్యమైతే, ఉన్న చోటుకు సరిపోయే జంతువును, జూ అవసరం నిజంగా ఉన్న జంతువును ఎంచుకోవాలి.

పాలినేసియా దీవుల్లో పార్టులా అనే చిన్న చెట్టునత్తలు ఉండేవి. వేరే నత్తల బెడద తగ్గించడానికని 1970లలో అక్కడికి తెచ్చిన మాంసాహార నత్త వీటిని తినేసింది. చాలా జాతులు అక్కడ పూర్తిగా పోయాయి. లండన్, ఎడిన్‌బరో లాంటి జూలు వీటిని చిన్న చిన్న పెట్టెల్లో పెంచాయి. 2015 నుంచి తిరిగి ఆ దీవుల్లో వదులుతున్నారు. ఒక గదిలో పట్టే పని! ఏనుగు ఆవరణకయ్యే ఖర్చులో ఇలాంటి గదులు ఎన్ని నడపవచ్చో ఆలోచించండి. నత్తను చూడటానికి జనం రారంటారేమో. ఎలా రప్పించాలన్నది జూ ఆలోచించాల్సిన విషయం. దానికి ఏనుగు మూల్యం చెల్లించకూడదు.

మంచెమీద

నేను కొన్నేళ్లు ఒక జూలో జంతువుల సంరక్షణ పని చేశాను. మీ ఇద్దరి వాదనా చదివాను. మీరిద్దరూ సందర్శకుడు నిలబడే చోటు నుంచే కొలుస్తున్నారు.

జూ ఉదయం 9కి తెరిచి సాయంత్రం 5కి మూస్తారనుకోండి. మీకు కనిపించే ఆవరణలో జంతువు ఉండేది ఆ ఎనిమిది గంటలు. చాలా చోట్ల మిగతా పదహారు గంటలు వెనకాల ఉండే నైట్ హౌస్‌లోనే. కొత్త ఎన్‌క్లోజర్ గురించి వచ్చే ఏ ప్రకటనలోనైనా ఆ గది ఫొటో చూశారా? ముందు భాగంలో జలపాతం, సిమెంటు బండరాళ్లు, మొక్కలు, గాజు గోడ. వెనక చూస్తే అదే పాత గది, అదే గచ్చు నేల. "ఆవరణ మూడింతలు పెరిగింది" అన్న మాటలో అబద్ధం ఉండదు, కానీ ఆ జంతువు రోజులో మూడింట రెండు వంతులు ఏమీ మారలేదు.

ఏనుగుకు నిద్ర తక్కువ. రాత్రంతా నడుస్తూ, తింటూ ఉండాల్సిన జంతువు. దాన్ని గచ్చు మీద కదలకుండా నిలబెడితే పాదాలు పగులుతాయి, గోళ్ల దగ్గర చీము పడుతుంది, కీళ్లు పట్టేస్తాయి. జూ ఏనుగులకు పాదాల జబ్బు, కీళ్ల జబ్బు పెద్ద శత్రువులు. గచ్చు తీసేసి లోతుగా ఇసుక పోస్తే అది పడుకుంటుంది, ఇసుక గుట్టకు ఆనుకుని లేస్తుంది. గడ్డిని వలలో కట్టి ఎత్తున వేలాడదీస్తే తొండం చాచి లాక్కుంటూ గంటల తరబడి తింటుంది. రాత్రి తలుపు తెరిచే ఉంచితే తన ఇష్టం వచ్చినప్పుడు బయటికి పోతుంది. ఇవేవీ టికెట్ కొన్నవారికి కనిపించవు. అందుకే డబ్బు తక్కువైనప్పుడు కోత పడేది ముందు వీటికే.

విస్తీర్ణం ఒక్కటే పట్టుకోవడం కూడా తప్పే. జ్యూరిక్ జూ డైరెక్టరుగా పనిచేసిన హైని హెడిగర్ ఎన్నడో చెప్పాడు, చోటు ఎంత ఉందన్న దానికంటే ఆ చోటులో ఏముందన్నది ముఖ్యమని. కొమ్మలు పట్టుకుని ఊగే గిబ్బన్‌కు ఎత్తు కావాలి. ఎకరం నేల ఇచ్చి పైన చెట్లు, తాళ్లు లేకపోతే దానికి ఇచ్చింది సున్నా. చిరుతకు ఎత్తైన అరుగు, దాక్కునే పొద కావాలి. కోతుల గుంపులో కింది స్థాయి కోతికి పెద్ద కోతి కంటపడకుండా పోయే మలుపు కావాలి, లేకపోతే అది పగలంతా దెబ్బలు తింటూనే ఉంటుంది. ఏ గదికైనా రెండు తలుపులు ఉండాలి. ఒకే తలుపు ఉంటే బలమైనది గుమ్మంలో కూర్చుంటుంది, బలహీనమైనది లోపల ఇరుక్కుంటుంది. నాలుగు వైపులా గాజు పెట్టి "చాలా దగ్గరగా చూడొచ్చు" అని చెప్పే ఎన్‌క్లోజర్ అంటే నాకు భయం. దాక్కోవడానికి మూల లేని జంతువు ఎప్పుడూ టెన్షన్‌లోనే ఉంటుంది.

మనిషి కంటికి ముచ్చటగా ఉండటం వేరు, జంతువుకు బాగుండటం వేరు. హాంబర్గ్‌లో కార్ల్ హాగెన్‌బెక్ 1907లో ఇనుప చువ్వలు లేకుండా కందకాలతో జూ తెరిచాడు. అప్పటికి అది గొప్ప మార్పు, కాదనను. కానీ ఆ కందకం కూడా జంతువు చోటులోంచే పోతుంది. లండన్ జూలో 1934లో లుబెట్కిన్ అనే వాస్తుశిల్పి కట్టిన పెంగ్విన్ కొలను చూడండి. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే కాంక్రీటు ర్యాంపులు, అందమైన కట్టడం, చట్టప్రకారం రక్షిత కట్టడం కూడా. ఆ గట్టి నేల మీద పెంగ్విన్‌లకు పాదాల ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. 2004లో వాటిని వేరే చోటికి మార్చారు. తిరిగి తీసుకురాలేదు.

పెద్ద జంతువులను నగరం నుంచి పంపాలన్న కొండగాలి గారి మాటతో నేను ఏకీభవిస్తాను. కానీ ఉన్నన్నాళ్లు నైట్ హౌస్ బాగుచేయకుండా ముందు భాగం పెంచడాన్ని మార్పు అనలేను.

చుక్కలలేడి

పంపేయాలి అనడం తేలిక. పంపడంలోనే ప్రాణాలు పోతాయి.

ఇస్లామాబాద్ జూను ఖాళీ చేయమని 2020లో కోర్టు ఆదేశించింది. అక్కడ ఒంటరిగా ఉన్న కావన్ అనే ఏనుగును ఆ నవంబరులో కంబోడియాకు విమానంలో తీసుకెళ్లారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. అదే జూలో అంతకు కొద్ది నెలల ముందు రెండు సింహాలను తరలించబోతూ, అవి బోనులోంచి కదలడం లేదని గడ్డికి నిప్పు పెట్టారు. రెండూ చనిపోయాయి. కావన్ విషయంలో పెట్టెలోకి తనంతట తాను వెళ్లి నిలబడేలా ముందే అలవాటు చేశారు. సింహాల విషయంలో ఆ ఓపిక లేదు.

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ 2016లో తన జూను మూసి ఎకోపార్కుగా మారుస్తామంది. అక్కడి ఒరాంగుటాన్ సాండ్రా ఫ్లోరిడాకు చేరింది 2019లో. మారా అనే ఏనుగు బ్రెజిల్ చేరింది 2020లో. ఇన్నేళ్లూ ఆ జంతువులు ఎక్కడున్నాయి? అదే పాత ఆవరణల్లో. అందుకే "వేగంగా జరగాలి" అన్న మాట నాకు నచ్చలేదు. కొత్తవాటిని తేవడం, ఈనించడం ఇవాళే ఆపవచ్చు. ఉన్నవాటిని కదపడం మాత్రం ఒక్కోదాని వయసు, జబ్బు, దాని తోడు చూసి నిర్ణయించాలి.

పాలపిట్ట

మంచెమీద గారి పోస్ట్ చదివాక నా ప్రశ్న కొంచెం మారింది. పిల్లలు ఏనుగును చూడాలని ఇప్పటికీ అంటాను, కానీ పాదాలు కుళ్లుతున్న ఏనుగును చూపించి ఏం నేర్పుతాం? నేర్చుకునేది కూడా తప్పే అవుతుంది.

అయితే నా అనుమానం ఒకటి తీరలేదు. ఏనుగులు వెళ్లిన స్థలం ఎవరికి? పక్క ఆవరణలోని జంతువుకు కలుపుతామని రాసిచ్చే జూ ఉంటే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. ఆటస్థలానికో, పార్కింగ్‌కో, పెళ్లి వేడుకలకు అద్దెకిచ్చే పచ్చికకో పోయేట్టయితే అది జంతువుల సంక్షేమం పేరుతో జరిగే స్థలం లావాదేవీ. జూ ప్లాన్ మీద అభిప్రాయాలు అడిగినప్పుడు అందరం మొదట ఈ ప్రశ్న వేద్దాం.

కొండగాలి

పాలపిట్ట గారూ, ఆ షరతు నాకు పూర్తిగా సమ్మతం. ఖాళీ అయిన ప్రతి గజం మరో జంతువుకే చెందాలి. చుక్కలలేడి గారు చెప్పినదీ తీసుకుంటాను: కొత్తవి తేవడం వెంటనే ఆపాలి, తరలింపు నెమ్మదిగా జరగాలి.

ఒక్క చిక్కు మిగిలింది. ఢిల్లీ జూలో శంకర్ అనే ఆఫ్రికా ఏనుగు తోడు పోయాక ఏళ్ల తరబడి ఒంటరిగా ఉండి 2025 సెప్టెంబరులో చనిపోయింది. ఇక ఏనుగు ముసలిది కూడా అయి, తోడు లేక, దూర ప్రయాణం ప్రమాదమైతే? అలాంటప్పుడు ఉంచాలా, పంపాలా? మంచెమీద గారు చెప్పగలరా?

మంచెమీద

ఒకే జవాబు లేదండీ. నేనైతే మొదట మూడు కాగితాలు అడుగుతాను: పాదాల ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, టీబీ పరీక్ష. ఏనుగులకు మనుషుల నుంచి టీబీ సోకుతుంది. తొండంలో నీళ్లు పోసి వెనక్కి పట్టి ఆ నీటిని పరీక్షిస్తారు. టీబీ ఉందని తేలితే అవతలి మంద దాన్ని చేర్చుకోవడం కష్టం, ఆ మందకే ముప్పు. అప్పుడు ఉన్నచోటే ఇసుక నేల, తెరిచి ఉంచిన తలుపు, రోజంతా తిండి, ఎప్పుడూ పక్కనే ఉండే అదే కీపర్లు. పరీక్షలు బాగుండి నిలబడే శక్తి ఉంటే, వయసు ఎక్కువైనా పంపాలనే అంటాను. ఏనుగుకు ఏనుగు కావాలి, ఆ లోటు కీపర్ తీర్చలేడు. పెట్టెలోకి వెళ్లడం నేర్పే పని మాత్రం నిర్ణయం తేలేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. వెళ్లకపోయినా నష్టం లేదు, రక్తం తీయడానికీ పాదాలు చూడటానికీ అదే అలవాటు పనికొస్తుంది.