రోడ్డు దిక్కు కిటికీలకు డబుల్ గ్లాస్: పనికొస్తదా, పైసలు దండగనా?

రోడ్డుపక్క ఇల్లు, నల్లగొండ
మా ఇల్లు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీదనే. రాత్రి పదకొండు దాటినంక వాడపల్లి దిక్కు నుంచి సిమెంటు లారీలు, మిర్యాలగూడ నుంచి బియ్యం లారీలు వరుసబెట్టి పోతయి. మా నాయినకు గుండె ఆపరేషన్ అయింది. రాత్రి కంటి మీద కునుకు లేక పొద్దంత నీరసంగ ఉంటున్నడు. ఆయన అర్రకు రోడ్డు దిక్కు రెండు అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు ఉన్నయి. అవి తీసేసి రెండు అద్దాల (డబుల్ గ్లాస్) యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ చౌకట్టు కిటికీలు పెట్టించుమని దుకాణమాయన అంటున్నడు. ఖర్చు బాగనే చెప్పిండు. పెట్టించుకున్నోళ్లు నిజం చెప్పుండ్రి.

జడ్చర్ల వాసి
పెట్టించు అన్నా, ఆలోచించకు. మాది 44వ నంబరు హైవేకు దగ్గర. పాత చెక్క కిటికీలు తీసి డబుల్ గ్లాస్ పెట్టినంక లారీల సప్పుడు సగానికి సగం తగ్గింది.

కిటికీల పని, సూర్యాపేట
జడ్చర్ల అన్నా, తగ్గింది నిజమే కావచ్చు. కానీ రెండో అద్దం వల్లనే తగ్గిందని ఎట్ల అంటరు? పాత చెక్క ఎండకు వంగి, రెక్కకూ చౌకట్టుకూ నడుమ సందు పడ్తది. కొత్త కిటికీ పెట్టంగనే ఆ సందు పోయింది. అసలు సంగతి అక్కడుంది.

గాలి దూరే ప్రతి చోటా సప్పుడు దూరుతది. కిటికీ వైశాల్యంల నూరో వంతు తెరిచున్నా చాలు, ఎంత మందం అద్దం పెట్టినా ఇరవై డెసిబెల్స్‌కు (సప్పుడు కొలత) మించి ఆగదు. మూడడుగులు, నాలుగడుగుల కిటికీకి నూరో వంతంటే చుట్టూ రెండున్నర మిల్లీమీటర్ల సందు. స్లైడింగ్ రెక్క పట్టా మీద జరగాలె కాబట్టి బిర్రుగ కూసోదు, సందు మూసేందుకు దాని అంచుకుండే బ్రష్ కూడ ఏండ్లు గడిస్తే అరిగిపోతది. ఇయ్యాల రాత్రి అర్రల లైట్లు తీసేసి, బయట ఒకరిని టార్చి పట్టుకొని కిటికీ అంచుల పొంటి నడిపించుండ్రి. లోపల ఎక్కడ వెలుగు గీత కనపడితే అక్కడ సప్పుడు వస్తున్నట్టు. చౌకట్టుకూ గోడకూ నడుమ, ఏసీ పైపు రంధ్రం కాడ కూడ చూడుండ్రి.

ఇగ డబుల్ గ్లాస్. నాలుగు మిల్లీమీటర్ల అద్దాలు రెండు, నడుమ పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ. అది ముఖ్యంగ వేడి ఆపడానికి. లారీ ఇంజను బొంగురు సప్పుడుకు ఆ రెండు అద్దాలూ కలిసి ఊగుతయి. బిర్రుగ బిగించిన ఆరు మిల్లీమీటర్ల ఒంటి అద్దం కన్నా పెద్ద తేడా రాదు. రెండు అద్దాల నడుమ పీవీబీ అనే మెత్తటి ప్లాస్టిక్ పొర అతికించిన లామినేటెడ్ అద్దం తీసుకొని, హ్యాండిల్ తిప్పితే రెక్క రబ్బరు మీద నొక్కుకునే రకం కిటికీకి పెట్టించుకుంటే మేలు.

ఇంకో దారుంది. మీది తొమ్మిదంగుళాల గోడైతే ఉన్న కిటికీని కదిలించకుండ, గోడ లోపలి అంచుకు ఇంకో కిటికీ పెట్టొచ్చు. రెండింటి నడుమ నాలుగంగుళాల ఖాళీ దొరికితే, ఫ్యాక్టరీల అతికించిన డబుల్ గ్లాస్ దాని ముందర నిలవదు. రెండు అద్దాల మందం వేరువేరుగ ఉండాలె, ఒకటి ఐదైతే ఇంకోటి ఎనిమిది.

మహబూబ్‌నగర్, అద్దె ఇల్లు
అన్నా, మే నెలల మన దిక్కు 44 డిగ్రీలు కొడ్తది. అన్ని సందులూ మూస్తే ఆ పెద్దమనిషి ఊపిరాడక సస్తడు. ఏసీ లేనోళ్లు కూలర్ పెట్టాలె, దానికి కిటికీ తెరిచే ఉండాలె. ఇంత ఖర్చు పెట్టి ఎండాకాలం తెరిచి పెట్టుకునేదానికి కొత్త కిటికీలెందుకు?

కిటికీల పని, సూర్యాపేట
మంచి మాట. కూలర్‌ను వెనుక దిక్కు కిటికీకి పెట్టుండ్రి. ఆ గాలి బయటికి పోయేందుకు పక్క అర్ర తలుపు కొద్దిగ తెరవుండ్రి. రోడ్డు దిక్కువి మాత్రం మూసుండాలె. వెనుక కిటికీ లేని అర్రయితే ముందు నాయినను వెనుక అర్రకు మార్చుండ్రి, దానికి పైసా ఖర్చు లేదు.

మిర్యాలగూడ
మనమే ఖర్చు పెట్టుకోవాలి, మనమే మూసుకొని కూర్చోవాలి, ఇదేం న్యాయం? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్. 2010లో చేర్చిన నిబంధన ప్రకారం ఆ వేళలో ఇండ్ల మధ్య హారన్ కొట్టడమే తప్పు. ఎయిర్ హారన్లకైతే అసలు అనుమతే లేదు. కాలనీ అంతా కలిసి దరఖాస్తు పెట్టాలి. ఫంక్షన్ హాల్ డీజే దడకు మీరు చెప్పే ఏ అద్దమూ ఆగదు, దాన్ని అక్కడే ఆపించాలి.

కిటికీల పని, సూర్యాపేట
డీజే సంగతి మీరన్నదే నిజం, ఆ దడ గోడలనే ఊపుతది. హారన్ మీద దరఖాస్తు తప్పకుండ పెట్టుండ్రి. కానీ లోడు లారీ టైర్ల సప్పుడు, గేరు మార్చేటప్పటి గుర్రు ఏ నిబంధనకూ ఆగవు. పేషెంటు నిద్రపోవాల్సింది ఈ రాత్రి.

రోడ్డుపక్క ఇల్లు, నల్లగొండ
టార్చి పెట్టి చూసినం. రెండు రెక్కలు కలిసే కాడ నిలువునా వెలుగు గీత, కింద పట్టా పొంటి ఇంకోటి. చౌకట్టు చుట్టూ సిమెంటు ఊడింది. ముందు సందులకు సిలికాన్, రెక్కలకు కొత్త బ్రష్ వేయిస్తున్నం. నాయినను వెనుక అర్రకు మారుద్దామంటే బాత్రూం దూరమని ఒప్పుకుంటలేడు. లోపలి కిటికీ పెడితే దోమల జాలి ఎక్కడ పెట్టాలె అన్నా?

కిటికీల పని, సూర్యాపేట
బయటి కిటికీకే ఉంచుండ్రి. లోపలిది లోపలికి తెరుచుకునేటట్టు చెప్పుండ్రి, లేకుంటే నడుమ దుమ్ము తుడవరాదు. కొలత తీసేటప్పుడు గోడ మీది పూత మందం లెక్కల నుంచి తీసేసి అసలు గోడ మందం చూసుకోమనుండ్రి.